లేజరా, గ్లూనా అని అడిగే ముందు

(హన్మకొండలో ఒక ఆదివారం పొద్దున విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో కాళ్ళల్ల నరాలు ఉబ్బే జబ్బు (వెరికోస్ వెయిన్స్), దాని వైద్యాల గురించి రక్తనాళాల సర్జన్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఇంకా ఉన్నయి. మర్యాదకు చెప్తలేను. ఇయ్యాల మనం మాట్లాడుకునేదే నిలబడేటోళ్ళ జబ్బు. మీరట్ల గంటసేపు నిలబడితే రేపు నాకే గిరాకీ.

ముందు మాట దగ్గర్నుంచి మొదలుపెడ్త. మనకు ‘నరం’ అని ఒక్క మాట ఉన్నది, దాంతోని అన్ని పనులు చేయించుకుంటం. చెయ్యి తిమ్మిరెక్కితే నరం. కోపమొస్తే మెడ మీద లేచేది నరం. పిక్క మీద వంకర్లు తిరిగి ఉబ్బేది కూడ నరమే. పుస్తకాల్ల ఉబ్బేదాన్ని సిర అంటరు, చెడు రక్తాన్ని గుండెకు మోసుకపోయేది. ఇంట్ల ఎవరన్న సిర అంటరా? అనరు. దీంతోని ఏమైతదంటే, పరకాల దిక్కు నుంచి ఒక రిటైర్డు సారు వచ్చిండు నా దగ్గరికి. రెండేళ్ళు నరాల డాక్టర్ దగ్గర తిరిగిండట. నడుముకు ఎంఆర్‌ఐ తీయించుకున్నడు. బలానికని సూదులు, రాత్రిపూట ఒక గోలి. నేను ప్యాంటు పైకనమన్న. మోకాలు కింద నుంచి గిలక దాక గుత్తులు గుత్తులు. “ఇవి చూపెట్టలేదా సార్ ఆయనకు?” అన్న. “నరాలు గుంజుతున్నయి అన్న, ఆయన నడుము చూసిండు” అన్నడు. డాక్టర్ తప్పు ఎంతుందో నాకు తెల్వదు. మాట తప్పు మాత్రం ఉన్నది. అందుకని ఈ గంటసేపు నేను ‘ఉబ్బు నరం’ అంటే రక్తం పోయే సిర. తిమ్మిరి, మంట తెలిసేదాన్ని ‘స్పర్శ నరం’ అంట. ఈ తేడా ఇంకో అర్ధగంటల పనికొస్తది, గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ బావి మోటరు ఉన్నోళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. సగం పైనే ఉన్నరు. ఫుట్ వాల్వు తెలుసు కదా? పైపు అడుగున బావిల మునిగి ఉంటది. మోటరు ఆగినా నీళ్ళు మళ్ళీ బావిలకు జారకుండ పట్టుకుంటది. అది అరిగిపోతే ఏమైతది? పొద్దున స్విచ్చి వేస్తే మోటరు ఉరుకుతది, నీళ్ళు రావు. బిందెతోని నీళ్ళు పోసి మళ్ళీ నింపాలె. మోటరు మంచిదే, పైపు మంచిదే. కాలిల గూడ ఇదే కత. పిక్క కండరం మోటరు. నడిచినప్పుడల్ల పిసికి రక్తాన్ని పైకి తోస్తది. సిరల నడుమ నడుమ చిన్న చిన్న తలుపులున్నయి, ఒక్క దిక్కే తెరుచుకుంటయి. బావికి ఒక్క వాల్వే, కాలికి మెట్టు మెట్టుకో వాల్వు. నిలబడ్డప్పుడు గిలక దగ్గర సిరల ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాక ఉంటది. మంచి కాలైతే నడుస్తుంటే అది 30కి, ఇంకా తక్కువకు పడిపోతది. వాల్వులు పోయిన కాల్ల నడిచినా సరిగ్గ పడదు. పొద్దంతా ఆ బరువు చర్మం మీదనే. సాయంత్రానికి కాలు బరువెక్కుడు, గిలక చుట్టు సాక్సు అచ్చు దిగుడు, రాత్రి పిక్కలు కొంకర్లు పోవుడు, కొన్నేండ్లకు గిలక పైన చర్మం నల్లబడి దురద పెట్టుడు, ఆఖరుకు పుండు. వరుస ఇది.

ఎవరికొస్తది? అమ్మకో నాయినకో ఉంటే వస్తది. కాన్పులైన ఆడవాళ్ళకు వస్తది. బరువున్నోళ్ళకు, వయసు పైబడ్డోళ్ళకు వస్తది. నిలబడి చేసే పని దాన్ని ముందుకు తోస్తది. మా దగ్గరికి వచ్చేటోళ్ళను చూడండి. సిరిసిల్లల పవర్‌లూమ్ మీద పన్నెండు గంటలు నిలబడేటోళ్ళు, బస్సు కండక్టర్లు, హోటల్ల దోసెల పెనం ముందట ఉండేటోళ్ళు, బడి పంతుళ్ళు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు. నేను గూడ నిలబడే పనోణ్ణే. ఆ సంగతి తర్వాత చెప్త.

ఇప్పుడు అసలు విషయం. మీరు నన్ను పిలిచింది దీనికే. “సార్, లేజర్ మంచిదా, గ్లూ మంచిదా?” లోపలికి రాంగనే ఇద్దరు అడిగిన్రు, ఇంక కుర్చీల కూసోలేదు నేను. ఫోన్ల వీడియోలు చూస్తరు, హైదరాబాద్ల బావమరిది చేయించుకున్నది చూస్తరు, పేరు పట్టుకొని వస్తరు. నేను మళ్ళ అడుగుత: మీ కాల్ల ఏ వాల్వు పోయింది? తెల్వదు. తెల్వకపోతే లేజర్ ఎక్కడ పెట్టాలె?

దానికి డాప్లర్, అంటే సిరల్ల రక్తం ఎటు పోతున్నదో తెర మీద చూపెట్టే స్కానింగు. కొంచెం దగ్గర్నుంచి చూపెడ్త, ఎందుకంటే అన్ని తప్పులు ఇక్కడనే అయితయి. మనిషిని చిన్న స్టూలు మీద నిలబెడ్తం. నిలబెడ్తం, పండబెట్టం. చూసే కాలు మీద బరువు లేకుండ, మోకాలు కొంచెం మడిచి, ఇంకో కాలు మీద నిలబడమంటం. గజ్జల దగ్గర చల్లటి జెల్లి పూసి ప్రోబు పెడ్తం. అక్కడ లోపలి పెద్ద సిరల పై సిర వచ్చి కలుస్తది. వాగు నదిల కలిసినట్టు. ఒక చేత్తోని పిక్క పిసుకుతం. తెర మీద రక్తం ఒక రంగుల పైకి ఉరుకుతది. చెయ్యి వదుల్తం. మంచి వాల్వైతే అక్కడితోని ఆగుతది. పాడైన వాల్వైతే రంగు మారుతది, రక్తం ఎనక్కి కిందికి పడుతది. అర సెకండు కన్నా ఎక్కువ సేపు ఎనక్కి పోతే అది లీకు. కొందరికి మూడు నాలుగు సెకండ్లు పోతనే ఉంటది, చూస్తుంటే భయమైతది. అట్ల గజ్జల నుంచి గిలక దాక, మోకాలు ఎనకాల, లోపలి సిరల రక్తం గడ్డలేమన్న ఉన్నయా, అన్ని చూసి కాలి బొమ్మ మీద పెన్నుతోని గీస్తం. ఒక్కో కాలుకు పావుగంట, ఇరవై నిముషాలు.

పండబెట్టి ఐదు నిముషాల్ల తీసిన రిపోర్టులు పట్టుకొని వస్తరు. పండుకుంటే నీళ్ళు కిందికెట్ల జారుతయి? పోయిన చలికాలం ఒకాయన వచ్చిండు, చేతిల అటువంటి రిపోర్టు, దానికి పిన్ను కొట్టి ‘రెండు కాళ్ళకు లేజర్ ప్యాకేజీ’ అని చీటి. ఎక్కడిదో నేను చెప్పను, మీరు అడగకండి. నిలబెట్టి చూస్తే ఎడమ కాలుకు ఏమీ లేదు. కుడి కాలుకు ఉన్నది, కని వాళ్ళు రాసిన నరం కాదు, మోకాలు ఎనకాలది. లేజర్ మంచిదే! తప్పు పైపుకు పెడ్తే ఏం లాభం?

ఇంకోటి. అందరికీ వైద్యం అక్కర లేదు. తొడ మీద సాలెగూడు లెక్క సన్నటి ఎర్రటి, నీలి గీతలుంటయి. అవి అందానికి సంబంధించినయి. లీకు లేకపోతే వదిలెయ్యొచ్చు. ఉబ్బి, నొప్పో వాపో ఉంటే ఆలోచించాలె. చర్మం నల్లబడితే ఆలస్యం చేయొద్దు. పుండు పడితే అసలే చేయొద్దు.

ఒకప్పుడు ఏం చేస్తుండిరి? గజ్జల కోసి, కలిసే చోట ముడేసి, సిరల తీగె దూర్చి, గిలక దాకనో మోకాలు దాకనో పీకి అవతల పడేస్తుండిరి. ఆ తీగె పద్ధతి బాబ్‌కాక్ అనే అమెరికా సర్జన్ 1907ల చెప్పింది. వందేళ్ళు నడిచింది. మా అమ్మకు అదే చేసిన్రు. నేను అప్పుడు మెడిసిన్ చదువుతున్న. నడుముల సూది, తొడంత నల్లగ కమిలింది, మూడు వారాలు మంచంల. ఆమె ఇప్పటికీ “నా కాలును కల్లుగీతోడు చెట్టు గీసినట్టు గీసిన్రు” అంటది. అయినా ఆ ఆపరేషన్ను తక్కువ చేసి మాట్లాడను. రోగం తగ్గింది. ఎందుకు చెప్తున్ననో ఇంకొంచెం సేపట్ల తెలుస్తది.

ఇప్పటి పద్ధతులన్నిటిల సిరను పీకం, లోపల్నే మూసేస్తం. ఇక్కడ అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది. అడగండమ్మా, మీరు చెయ్యెత్తిన్రు. “మూసేస్తే రక్తం ఎట్ల పోతది?” మంచి ప్రశ్న. కాలి రక్తంల పదిల తొమ్మిది వంతులు లోపలి పెద్ద సిరల్ల నుంచే పోతది. పైది చిన్న బాట. ఇది పైకి పోనిస్తలేదు, పైగా ఎనక్కి పోస్తున్నది. దాన్ని మూసేస్తే లోపలి బాటకు బరువు తగ్గుతది. అందుకే డాప్లర్ల లోపలి సిర మంచిగున్నదా లేదా అని ముందు చూస్తం.

వేడి పద్ధతులు రెండు. ఒకటి ఆర్‌ఎఫ్, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ. రెండోది లేజర్. అమెరికాల ఆర్‌ఎఫ్‌కు 1999ల, లేజర్‌కు 2002ల అనుమతి వచ్చింది. రెండిటికీ పని ఒకటే. మోకాలు దగ్గర చిన్న సూది పోటు. డాప్లర్ల చూసుకుంట సన్నటి గొట్టం సిరల నుంచి గజ్జల దాక ఎక్కిస్తం. కొన, సిరలు కలిసే చోటుకు రెండు సెంటీమీటర్లు కిందనే ఆపుతం. అక్కడ వేడి పెద్ద సిరకు తగలొద్దు.

తర్వాత చేసేదే అసలు పని, కని దాని గురించి ఏ వీడియోల ఉండదు. సిర చుట్టూ నీళ్ళు ఎక్కించుడు. సెలైన్ల మత్తుమందు, కొంచెం సోడా కలిపి, చల్లగ చేసి, తొడ పొడుగునా సిర చుట్టూ సూదితోని నింపుతం. తక్కువల తక్కువ మూడు వందల మిల్లీలీటర్లు పడుతది. ఇది మూడు పనులు చేస్తది. నొప్పి తెల్వనియ్యదు. సిరను పిసికి గొట్టం మీదికి అంటుకునేటట్టు చేస్తది. వేడి చర్మానికి, స్పర్శ నరానికి పోకుండ నడుమ అడ్డం ఉంటది. మనిషి మెలకువతోనే ఉంటడు. ఒకామె నాతోని మాట్లాడుకుంట అన్నది: “తొడల ఎవరో కుండ నీళ్ళు పోస్తున్నట్టున్నది సారూ.” సరిగ్గ అదే. ఈ నీళ్ళు సరిగ్గ నింపనోడు ఎంత ఖరీదు మిషన్ పెట్టినా చర్మం కాలుతది, లేకపోతే సిర మూసుకపోదు. అందుకే చెప్తున్న, మిషన్ పేరు కన్నా చెయ్యి ముఖ్యం.

ఆర్‌ఎఫ్‌ల కొనకు ఏడు సెంటీమీటర్ల పొడుగు వేడెక్కే భాగం ఉంటది. 120 డిగ్రీలు, ఇరవై సెకండ్లు. ఏడు సెంటీమీటర్లు కిందికి గుంజుతం, మళ్ళీ ఇరవై సెకండ్లు. తొడ సిర నలభై సెంటీమీటర్లనుకోండి, ఆరేడు సార్లు, పైన మొదటి దగ్గర రెండుసార్లు. వేడి పెట్టేది మొత్తం రెండు మూడు నిముషాలే. మిగతా టైమంతా ఆ నీళ్ళకే. లేజర్‌ల సన్నటి తీగె కొన నుంచి వెలుగు వస్తది. మెల్లగ గుంజుకుంట వస్తం. మొదట్ల 810, 980 నానోమీటర్ల వెలుగు ఉండేది, కొన మొండిగ ఉండేది. ఒక్క దగ్గరనే మాడి సిరకు బొక్క పడి, రక్తం కారి, తొడ కమిలేది. ఇప్పుడు 1470, సిర గోడల ఉండే నీళ్ళు దాన్ని పట్టుకుంటయి. కొన నుంచి వెలుగు చుట్టూ గుండ్రంగ వస్తది. కమిలేది తగ్గింది.

మరి ఏది మంచిది? డెన్మార్క్‌ల 500 మందిని చీటీలు తీసినట్టు నాలుగు గుంపులు చేసిన్రు. లేజర్, ఆర్‌ఎఫ్, ఫోమ్ (నురుగు మందు, దాని సంగతి తర్వాత చెప్త), పాత ఆపరేషన్. 2011ల వచ్చినయి ఫలితాలు. ఏడాదికి చూస్తే సిర మూసుకపోనియో, మళ్ళీ తెరుచుకున్నయో నూటికి ఎన్ని? లేజర్‌ల 5.8, ఆర్‌ఎఫ్‌ల 4.8, పాత ఆపరేషన్ల గూడ 4.8. ఫోమ్‌ల 16.3. చూసిన్రా? అందుకే ఇందాక మా అమ్మ ఆపరేషన్ను తక్కువ చేయనన్న. రోగం తగ్గించేకాడ అది వేడి పద్ధతులకు సమానం. తేడా ఎక్కడంటే, పీకుడు తర్వాత మంచం, కోత, కమిలింపు. అదే పరీక్షల నొప్పి గూడ లెక్కపెట్టిన్రు. ఆర్‌ఎఫ్‌ల లేజర్ కన్నా సగానికి సగం తక్కువ. కని అప్పటి లేజర్ కొన మొండిది, అది మర్వొద్దు. ఇప్పటి గుండ్రం కొనకు ఆ తేడా అంత లేదు. నా దగ్గర రెండూ ఉన్నయి. నాకు ఆర్‌ఎఫ్ చెయ్యి అలవాటు, అదే ఎక్కువ చేస్త. ఇంకో మంచి డాక్టర్ లేజర్‌ల ఆరితేరి ఉంటడు. ఆయనను ఆర్‌ఎఫ్ చెయ్యమని మీరు పట్టుబట్టకండి.

వేడికి ఒక బలహీనత ఉన్నది. మోకాలు కింద సిర పక్కనే స్పర్శ నరం అంటిపెట్టుకొని పోతది. గిలక దాక కాల్చుకుంట పోతే అక్కడ తిమ్మిరి మిగులుతది. చాలామందికి నెలల్ల తగ్గుతది, కొందరికి ఉండిపోతది. అందుకే మోకాలు కింద సగం పిక్క దాకనే ఆపుతం.

ఇక గ్లూ. ఫెవిక్విక్ తెలుసు కదా? చెప్పు తెగితే అంటించేది. దాని పెద్దన్న. సయనోఅక్రిలేట్ జాతి. ఇంట్ల ఉన్నది వేరే రకం, కాలుకు వాడేది వేరే రకం, ఎవరూ ఇంట్ల ప్రయోగం చేయకండి, నవ్వుతున్నరు గాని మన దగ్గర చేసేటోళ్ళు ఉన్నరు. అమెరికాల 2015ల అనుమతి వచ్చింది. గొట్టం లోపలికి పోనిచ్చి, కలిసే చోటుకు ఐదు సెంటీమీటర్లు కింద నుంచి చుక్క చుక్క వదులుకుంట, పైనుంచి ప్రోబుతోని ఒత్తి పట్టుకుంటం. గోడ గోడకు అంటుకుంటది. వేడి లేదు. అందుకని ఆ నీళ్ళ సూదులు లేవు. స్పర్శ నరం కాలదు, గిలక దాక పోవచ్చు. చాలామందికి కాలును ఒత్తి పట్టే బిగుతు సాక్సు గూడ అక్కర పడదు. అమెరికాల 222 మందిల ఆర్‌ఎఫ్‌తోని పోల్చి చూసిన్రు. మూడు నెలలకు గ్లూల నూటికి 99, ఆర్‌ఎఫ్‌ల 96 మూసుకపోయినయి. అంటే దాదాపు సమానమే.

ఇంత మంచిదైతే అందరికీ గ్లూనే ఎందుకు పెట్టవు అంటరా? ఒకటి ఖరీదు. రెండు, గ్లూ లోపల్నే ఉండిపోతది. వేడి పెట్టి బయటికి తీసుకుంటం, దీన్ని వదిలి వస్తం. కొందరి ఒళ్ళు దాన్ని ఒప్పుకోదు. వారం పది రోజులకు తొడ మీద సిర దారి పొడుగునా ఎర్రగ, దురద, వేడి. చాలామందికి గోలీలతోని తగ్గుతది. చాలా అరుదుగ గడ్డ కట్టి, చీము లెక్కయి, కోసి తీయాల్సి వచ్చినవి ఉన్నయి. ఇదివరకు గమ్ములకో, ప్లాస్టర్లకో ఒళ్ళు పడకపోతే ముందే చెప్పండి. సూదంటే హడలెత్తేటోళ్ళకు, గిలక దాక లీకున్నోళ్ళకు నేను గ్లూ చెప్త. ఫ్యాషన్‌కు చెప్పను.

ఫోమ్. ఇది చూడటానికి చిన్నపిల్లల ఆట లెక్క ఉంటది. రెండు సిరంజీలు, నడుమ మూడు దారుల నల్లా. ఒకదాంట్ల ఒక వంతు మందు, ఇంకోదాంట్ల నాలుగు వంతుల గాలి. ఇటు అటు, ఇటు అటు ఇరవై సార్లు తోస్తే షేవింగు నురుగు లెక్క తెల్లగ అయితది. టెస్సారి అనే ఇటలీ డాక్టర్ చెప్పిన పద్ధతి. ఆ నురుగు సిరల పోతే రక్తాన్ని జరిపి గోడను మంట పెట్టి మూసేస్తది. ఆపరేషన్ థియేటరు అక్కర లేదు, ఖర్చు తక్కువ, మళ్ళా మళ్ళా చేసుకోవచ్చు. ఒక్కసారికి పది మిల్లీలీటర్ల నురుగు దాటొద్దని లెక్క. కొందరికి కొన్ని నిముషాలు దగ్గు, కండ్ల ముందు మెరుపులు, మైగ్రేన్ ఉన్నోళ్ళకు తలనొప్పి. చర్మం మీద గోధుమ రంగు మచ్చ నెలల తరబడి ఉంటది.

నా తప్పు ఒకటి చెప్త. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల, నర్సంపేట దిక్కు నుంచి ఒక దర్జీ వచ్చిండు. తొడ సిర వెడల్పు పదకొండు మిల్లీమీటర్లు. పైసలు లేవన్నడు. నేను మంచి చేద్దామని ఫోమ్ కొట్టిన. ఆరు నెలలకు తెరుచుకున్నది. మళ్ళా కొట్టిన. మళ్ళా తెరుచుకున్నది. మూడోసారి వచ్చినప్పుడు నా ముఖం చూడకుండ అన్నడు: “సారూ, ఈ పైసలన్నీ కలిపితే ఆ కరెంటుదే అయిపోవు.” నిజమే అన్నడు. అంత వెడల్పు సిరల నురుగు చెదిరిపోతది, గోడకు అందదు. బ్రిటన్ల 798 మందిల లేజర్, ఫోమ్, ఆపరేషన్ పోల్చిన్రు. 2019ల ఐదేళ్ళ ఫలితాలు వచ్చినయి. రోజువారీ బతుకు ఎట్లున్నదని అడిగితే లేజర్, ఆపరేషన్ చేసుకున్నోళ్ళే ఫోమ్ వాళ్ళ కన్నా మంచిగున్నరు. ఆ దేశపు మార్గదర్శకాలు 2013లనే వరుస చెప్పినయి. ముందు వేడి పద్ధతి, అది కుదరకపోతే ఫోమ్, అదీ కుదరకపోతే ఆపరేషన్. కని ఫోమ్‌ను పారెయ్యకండి. వంకర్లు తిరిగి గొట్టం పోని సిరలకు, పాత ఆపరేషన్ తర్వాత మళ్ళా లేచిన కొమ్మలకు, పుండు కింద దాక్కున్న సిరకు, ఎనభై ఏళ్ళ ముసలమ్మకు, దాన్ని మించింది లేదు. మా అమ్మకు ఇరవై ఏళ్ళకు మళ్ళా లేచినయి. నేనే ఫోమ్ కొట్టిన.

లోపల తీగె గిర్రున తిరుగుతుంటే మందు పోసే పద్ధతి ఒకటున్నది. వేడి లేదు, గ్లూ లేదు. మన దిక్కు ఎక్కువ వాడరు. ఎవరన్న దాని మాటెత్తితే కంగారు పడకండి, అంతే.

ఒక విషయం మీద చాలామంది తర్వాత పోట్లాటకు వస్తరు. “లేజర్ చేసిన్రు, గుత్తులు అట్లనే ఉన్నయి!” అని. లేజరో, గ్లూనో మూసేది తొడలున్న పెద్ద కాలువను. పిక్క మీద కనిపించే గుత్తులు దాని కొమ్మలు. కాలువ మూస్తే కొన్ని రెండు మూడు నెలల్ల వాటంతటవే ఎండుతయి. పెద్దవైతే అదే రోజు రెండు మిల్లీమీటర్ల సందు చేసి, క్రోషా సూది లెక్క ఉండే కొక్కెంతోని బయటికి తీస్తం. కుట్లు ఉండవు. ముందే అడగండి, గుత్తులు గూడ తీస్తరా, తర్వాత ఫోమ్ కొడ్తరా అని.

పుండు గురించి కొంచెం ఆగి చెప్పాలె. గిలక లోపలి దిక్కు పుండు. మన పల్లెల్ల దీన్ని ఏండ్లకేండ్లు మోస్తరు. పసరు పోస్తరు, పసుపు పెడ్తరు, కాటన్ చీర పీలిక చుట్టుకొని నాట్లకు పోతరు. ములుగు దిక్కు రైతు ఒకాయన ఏడేళ్ళ పుండుతోని వచ్చిండు, దాని మీద ఆకు పసరు ఎండి నల్లటి పొలుసు కట్టింది. ఇదివరకు మేం గూడ “పుండు మానినంక సిర సంగతి చూద్దాం” అంటుంటిమి. 2018ల ఇంగ్లండుల 450 మందిల చూసిన్రు. కట్టు కట్టి తొందరగ సిర మూసినోళ్ళకు పుండు మాన్నీకి నడిమి లెక్కన 56 రోజులు, ఆగినోళ్ళకు 82 రోజులు. అందుకే ఇప్పుడు ఆగం. ఆ రైతుకు పుండు ఉండంగనే చేసినం. కని కట్టు ముఖ్యం, గట్టిగ, పొరలు పొరలుగ, మడమ నుంచి మోకాలు దాక. ఒక్క హెచ్చరిక. షుగరున్నోళ్ళు, బీడీ తాగేటోళ్ళు, కాలుకు మంచి రక్తం తెచ్చే గొట్టాలు మూసుకపోయి ఉండొచ్చు. కాలి నాడి చూసి, గిలక దగ్గర బీపీ కొలిచినంకనే ఆ కట్టు. లేకపోతే కాలే పోతది.

ఉబ్బు నరం పగిలితే? స్నానం చేసేటప్పుడో, గీరుకున్నప్పుడో టక్కున పగులుతది, రక్తం పిచికారీ లెక్క గోడకు కొడ్తది. ఇంట్లోళ్ళు భయపడి పైన తొడకు తువ్వాల బిగించి కడ్తరు. అట్ల కట్టకండి! సిరల రక్తం ఇంకా ఆగి ఇంకా కారుతది. మనిషిని వెల్లకిల పండబెట్టండి, కాలు గోడకు ఆనించి పైకెత్తండి, పగిలిన చోట బట్ట పెట్టి బొటనవేలుతోని పది నిముషాలు ఒత్తి పట్టండి. ఆగుతది. కూసోబెట్టి ఆటోల తీసుకపోతే దారి పొడుగునా కారుతనే ఉంటది. ఇది పక్కింటోళ్ళకు గూడ చెప్పండి, ఎందుకంటే ఈ రక్తంతోని మనుషులు సచ్చిపోయిన్రు.

పైసల సంగతి. నేను రేటు చెప్పను, ఎందుకంటే ఊరికో రేటు, దవాఖానకో రేటు. కని ఒకటి అడగండి. లేజర్ తీగె, ఆర్‌ఎఫ్ గొట్టం ఒక్కసారి వాడి పారేసేటియి. “నా ముందట ప్యాకెట్ విప్పుతరా?” అని అడగండి. అడిగితే కోపం చేసే డాక్టర్ దగ్గర ఉండకండి. సర్కారు కార్డు ఉన్నోళ్ళు దవాఖానల ఆరోగ్యమిత్ర కౌంటర్ల ముందు అడిగి, ఏ పద్ధతికి వర్తిస్తదో తెలుసుకొనే అడుగు ముందుకెయ్యండి.

చేయించుకున్నంక అదే రోజు నడవాలె. ఇంట్ల పండుకునుడు లేదు. వేడి పద్ధతైతే సాక్సు వారం, పది రోజులు. తొడ లోపల తాడు లెక్క గట్టిగ తగులుతది, గుంజుతది, అది మూసుకపోయిన సిర. నెలకు మెత్తబడుతది. పిక్క ఒక్కసారిగ వాచి గట్టిపడినా, ఊపిరాడకపోయినా ఫోన్ చేసుడు కాదు, వచ్చెయ్యాలె. లోపలి సిరల గడ్డ కట్టుడు నూటికి ఒక్కరికన్నా తక్కువ, కని ఆ ఒక్కరు మీరే అయితే? అందుకే వారం లోపల మళ్ళా డాప్లర్. ముంబై బస్సు, దుబాయి విమానం మొదటి కొన్ని వారాలు వాయిదా వేసుకోండి.

ఇప్పుడు ప్రశ్నలు. సార్ మీరు… “ఈ సిర మూసేస్తే రేపు గుండె బైపాస్‌కు నరం ఎక్కడిది?” అబ్బ, ఇది డాక్టర్లే మరిచిపోయే ప్రశ్న. బైపాస్‌కు ఈ సిరనే తీసి వాడుతరు, నిజమే. కని ఉబ్బి, వంకర్లు తిరిగి, వాల్వులు పోయిన సిర ఎట్లాగూ వాళ్ళకు పెద్దగ పనికిరాదు. ఎదురు రొమ్ము గోడ నుంచి ధమని ఉన్నది, చెయ్యి నుంచి ఉన్నది, రెండో కాలున్నది. అందుకే రెండో కాల్ల లీకు లేకపోతే ‘ప్యాకేజీ’ పేరు మీద దాన్ని ముట్టొద్దు అనేది.

“మళ్ళా వస్తదా?” వస్తది. మేం మూసిన సిర మూసుకపోయే ఉండొచ్చు, పక్కన కొత్త కొమ్మ లీకు కావొచ్చు. ఇది మీ ఒంటి తీరు, పళ్ళు పుచ్చినట్టే. ఒక పన్ను బాగు చేస్తే ఇంకోటి పుచ్చదా?

“సార్ మీరు ఏది చేయించుకున్నరు?” ఇందాక చెప్త అన్న కదా, మరిచిపోతరనుకున్న. ఎడమ కాలుకు ఆర్‌ఎఫ్, నాలుగేండ్లయింది. నా స్నేహితుడు చేసిండు. నీళ్ళు నింపేటప్పుడు నొప్పి పుట్టింది, నేను పేషెంట్లకు “ఏం కాదు” అని ఎన్నిసార్లు చెప్పిన్నో అప్పుడు యాదికొచ్చింది. ఇప్పుడు “కొంచెం చురుక్కుమంటది” అని చెప్తున్న.

ఆ చివర్న అమ్మ… “సాక్సు ఎక్కదు సారూ, చేతులు నొప్పులు పుడ్తున్నయి.” అందరి బాధ ఇదే, కొనుక్కొని బీరువాల పెడ్తరు. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలె. పది నిముషాలు తిరిగినంక కాలు నిండుతది, ఇగ ఎక్కదు. వేళ్ళ దగ్గర తెరిచి ఉండే సాక్సు కొనుక్కోండి. ఒక జారే ప్లాస్టిక్ కవరు పాదానికి తొడగండి. సాక్సును మడమ దాక తిరగేసి, కవరు మీదుగ జార్చండి. మడమ దాటిందంటే గెలిచినట్టే. తర్వాత వేళ్ళ దగ్గర సాక్సు తెరిచి ఉన్న చోటు నుంచి కవరును గుంజెయ్యండి. గోర్లతోని గుంజకండి, వంట చేసేటప్పుడు తొడుక్కునే రబ్బరు గ్లౌజులు వేసుకొని అరచేత్తోని పైకి రాయండి. కవరు కొనాల్సిన పని లేదమ్మా, కిరాణ షాపుల పప్పు కట్టిచ్చిందే సరిపోతది.